దేవదానం పళ్లతో విన్న ట్రాక్టరు

ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే నా నాలుక మీద తేలు కుట్టాలి. మొన్న నారాయణఖేడ్‌లో పళ్ల డాక్టరు నా దవడ పన్నును మిషనుతో తొలుస్తుంటే, ఆ చప్పుడు చెవి గుండా రాలేదు. తలకాయ లోపలే పుట్టి మోగింది. నోరు తెరిచి పడుకున్నవాణ్ణి అలాగే నవ్వాను. డాక్టరు భయపడి మిషను ఆపాడు. నాకు దేవదానం గుర్తొచ్చాడు.

నా పాతికేళ్ల వయసులో, బస్టాండు వెనక ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో మేమిద్దరమే మెకానిక్‌లం. ఆయన పెద్ద మేస్త్రి. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. మిగతా రోజుల్లో పానా తిప్పుతూ లోకంలోని వింతలన్నీ చెప్పేవాడు. ఆక్టోపస్‌కు మూడు గుండెలట, నెత్తురు నీలమట. వేడి పెరిగేకొద్దీ కీచురాయి కూత వేగం పెరుగుతుందట.

"ఈగది కింది స్వరం, దోమది పై స్వరం. ఎందుకో ఎరుకేనా? దోమ రెక్కలు ఇంకా జల్దీ కొడ్తది."

"నువ్వు చూసినవా మేస్త్రీ?"

"చూసుడెందుకురా, ఇను."

అవన్నీ కోతలే అనుకునేవాణ్ణి. అందుకే ఊళ్లో చెప్పేటప్పుడు ఆక్టోపస్‌కు ఇంకో రెండు గుండెలు తగిలించేవాణ్ణి. కథలు చెప్పడం నాకు అలా అబ్బింది.

కొన్నాళ్లకు ఆయనకే వినపడడం తగ్గింది. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. సంగతి షెడ్డు యజమాని సేటుకు తెలిసింది. అదే వారం నాగల్‌గిద్ద నుంచి ఒక ట్రాక్టరు లోపల టకటకలాడుతూ వచ్చింది. సేటు దేవదానం చెవి దగ్గరికొచ్చి అరిచాడు.

"చెవులు పోయినోడు ఇంజన్ ఏం చూస్తడు? గిది దొరకవడితే ఉండు, లేకుంటే రేపటి నుంచి రాకు."

"చెవులు పోతే ఎముకలు లేవా సేటూ?"

దేవదానం పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, దాని కట్టె పిడిని అంగీకి తుడిచి పళ్ల మధ్య కరిచిపట్టాడు. మొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్కో సిలిండరు దగ్గరికీ జరిపాడు.

"మేస్త్రికి ఆకలైతున్నట్టుంది" అన్నాడు ట్రాక్టరు తెచ్చిన రైతు.

దేవదానం పిడి బయటికి తీశాడు. "మూడోది. కింద బేరింగ్ పోయింది."

విప్పితే అదే. పైపూత అరిగి రాగి బయటపడింది. "చెవి దారి మూసుకున్నా, ఎముక దారి ఉంటదిరా" అన్నాడు నాతో. కానీ సేటు మొహం మాత్రం విప్పారలేదు.

"పండ్లతోని ఇనే మేస్త్రి అంటే ఊరంత నవ్వుతది. ఇగ నువ్వు పో."

నేను పానా కింద పెట్టాను. "మేస్త్రి పోతే నేను గూడ పోత సేటూ." సేటు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గొణుక్కుంటూ లోపలికి వెళ్లాడు. దేవదానం మరో నాలుగేళ్లు అక్కడే పనిచేశాడు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆక్టోపస్ గుండెలు, దోమ స్వరం, పళ్లతో వినడం, అన్నీ నిజాలే. ఎవరినైనా అడిగి చూసుకోండి. పానా కింద పెట్టడం మాత్రం నా కల్పన. అది నా చేతిలోనే ఉంది, తిప్పుతూనే ఉన్నాను. దేవదానం సబ్బుతో చేతులు కడుక్కుని, నా దిక్కు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ నాలుగేళ్లూ నేను కట్టి చెప్పినవే. మేస్త్రి పోతే నేనూ పోతానన్న మాట ఇప్పటికి ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్కలేదు, సేటు ముందు తప్ప.