చంద్రమ్మ పాటతో సభలోకి నడిచిన సారథి గారు

2023 వానాకాలం. మల్కాజ్‌గిరిలో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఒక అపార్ట్‌మెంటు. నేను ఫిజియోథెరపిస్టును. బొల్లారం నుంచి స్కూటీ మీద ఇళ్లకు వెళ్లి పేషెంట్లతో వ్యాయామాలు చేయిస్తుంటాను. ఆ ఇంట్లో నా పేషెంటు పార్థసారథి గారు. రిటైరైన లెక్కల లెక్చరర్. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సికింద్రాబాద్‌లో ఒక సంగీత సభకు ఏళ్ల తరబడి కార్యదర్శిగా ఉన్నారు. ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు.

ఈ జబ్బులో ఒక చిత్రమైన బాధ ఉంది. ఫ్రీజింగ్ అంటాం. కాలిలో బలం ఉంటుంది, వెళ్లాలన్న కోరికా ఉంటుంది, కానీ పాదం నేలకు అతుక్కుపోతుంది. గుమ్మాల దగ్గర మరీ ఎక్కువ. బయటి నుంచి ఏదో ఒక ఆసరా దొరికితే, అంటే నేల మీద ఒక గీతో, చెవిలో ఒక దరువో ఉంటే, చాలామందికి పాదం కదులుతుంది. ఆ ఆసరాను క్యూ అంటాం.

సారథి గారి కోరిక ఒక్కటే. దసరా వెళ్లాక జరిగే సభ వార్షికోత్సవానికి తన కాళ్ల మీద నడిచి వెళ్లాలి. "వీల్‌చెయిర్‌లో తోసుకెళ్తామంటే రాను. ఇక సభకే రాను" అని మొదటిరోజే తేల్చేశారు. "ఆ సభ లేకపోతే ఈయన గది దాటి రాడమ్మా" అని ఆయన భార్య వసుంధర గారు వంటింట్లో నాతో మెల్లగా అన్నారు.

ముందు మెట్రనోమ్ పెట్టాను. టిక్కు టిక్కుమని ఒకే వేగంతో కొడుతుంది, ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. సారథి గారు హాలంతా నడిచి బాల్కనీ గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"అమ్మాయ్, గోడ గడియారం వెంట ఎంతసేపని నడవను? కీర్తన పెట్టు."

పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నారు. చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. పాదం మాత్రం కదల్లేదు.

"సార్, నడువుర్రి."

"ఆగమ్మా, సంగతి పూర్తవ్వాలిగా!"

సంగతి అంటే ఒకే పాదాన్ని తిప్పి తిప్పి కొత్తగా పాడటం. ఆ వారమంతా సంగతులు పూర్తవుతూనే ఉన్నాయి. సార్ నిలబడే ఉన్నారు.

తప్పు కీర్తనది కాదు. ఆయన కోరుకున్న కీర్తన తాళం దెబ్బ పడ్డాక కాస్త ఆగి ఎత్తుకునేది. ఆగి వినడం ఆయనకు జీవితమంతా అలవాటు. ఆ అలవాటే కాలికీ పట్టింది.

"దరువు గట్టిగ ఉండే పాట ఏదన్న యాదికుందా ఆంటీ?" అని అడిగాను.

వసుంధర గారు భర్త వైపు చూడకుండా కూనిరాగం తీశారు. "చక్కా చక్కా చంద్రమ్మా..." ఎనభైల్లో వచ్చిన ఒక పాప్ క్యాసెట్‌లోని పాట అది. డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటారు, వాటి మీద సవారీ చేసే ఒక అమ్మాయి గొంతు. అప్పట్లో పెళ్లి బ్యాండ్ల వాళ్లంతా వాయించిన హిట్టు.

"ఛీ! ఆ డబ్బా మోతా? ఈ ఇంట్లో అది వినబడకూడదని ఎప్పుడో చెప్పాను."

"మీరు కాలేజీకి వెళ్లాక వినేదాన్ని లెండి," అన్నారు ఆవిడ నవ్వుతూ. "మీరు రిటైరై ఇంట్లో కూర్చున్నాకే మానేశాను."

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో మనుషులకు మడి ఎప్పుడో పోయింది. పాటలకు మాత్రం ఎందుకుంది? కొన్ని పాటలు హాల్లో కూర్చుంటాయి, కొన్ని వంటింటి తలుపు వెనక నిలబడతాయి. ఎవరు నిలబెట్టారు? "అరుపులు", "కాపీ సరుకు", "నాలుగు రోజుల మోజు" అని నేరాలు మోపిన వాళ్లలో ఎంతమంది ఆ పాటను చివరిదాకా విన్నారు? నలభై ఏళ్ల తర్వాత కూడా ఒక మనిషి నోటికి వస్తున్న పాటను నాలుగు రోజుల మోజు అనడానికి నోరెలా వస్తుంది?

"సార్, పిల్లలకు లెక్కలు చెప్పిన్రు. రుజువు అడగకుండనే కొట్టేస్తరా?"

ఆయన చురుగ్గా చూశారు. దెబ్బ తగిలిందనుకున్నాను. కానీ తగిలింది ఆయనలోని లెక్చరర్‌కు. "సరే. పరీక్ష పెడదాం. న్యాయంగా పెట్టాలి. మెట్రనోమ్, వడిగా సాగే ఒక కీర్తన, నీ చంద్రమ్మ. మూడింటికీ ఒకే వేగం, ఒకే కుర్చీ, ఒకే గుమ్మం."

మెట్రనోమ్‌తో గుమ్మం దగ్గర ఆగారు. కీర్తనతో ఒకసారి దాటారు, ఒకసారి ఆగారు. చంద్రమ్మ మొదలవగానే గుమ్మం దాటి బాల్కనీలో బట్టల తీగ దాకా వెళ్లిపోయారు.

"ఇందులో ఏదో మోసముంది. మళ్లీ పెట్టు."

మళ్లీ దాటారు.

"ఇంకోసారి."

"రుజువు సరిపోలేదా సార్?"

"రుజువు కోసం కాదులే, పెట్టు," అన్నారు. వసుంధర గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఒక్క మనిషి మీద చేసిన పరీక్ష శాస్త్రం కాదని నాకు తెలుసు. తర్వాత ఇదే పాట ఇంకో పేషెంటు దగ్గర బొత్తిగా పనిచేయలేదు. కానీ సారథి గారు మాత్రం రోజూ నడిచారు.

వార్షికోత్సవం రోజు నేనూ వెళ్లాను. ఇయర్‌ఫోన్ పెట్టుకోమంటే వినలేదు. "చెవులు మూసుకుని సంగీత సభకు వెళ్లడమా?" అన్నారు. మెట్లు ఎక్కారు, వరండా దాటారు. హాలు గుమ్మం ముందు పాదాలు అతుక్కుపోయాయి. వెనక జనం ఆగారు. కొత్త కార్యదర్శి పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, కుర్చీ తెప్పించమంటారా?" అన్నాడు. సారథి గారి ముఖం పాలిపోయింది.

వసుంధర గారు ఆయన చెవి దగ్గర సన్నగా అందుకున్నారు. "చక్కా చక్కా..."

"గట్టిగా పాడవే, దరువు వినబడట్లేదు," అని ఆయనే ఎత్తుకున్నారు. "చక్కా చక్కా చంద్రమ్మా!"

హాల్లో తలలన్నీ తిరిగాయి. వేదిక మీద శ్రుతి చూసుకుంటున్న మృదంగం విద్వాంసుడు ఒక్క క్షణం చూసి, ఆ లెక్కకే రెండు చేతులా దరువు వేశాడు. సారథి గారి కుడి పాదం లేచింది.

"మాస్టారూ, ఇది ఏ రాగం?" అన్నాడు కార్యదర్శి అయోమయంగా.

"రాగం సంగతి తర్వాత. దారివ్వవయ్యా!"

నడిచి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నారు.

మర్నాడు నేను సంబరంగా అన్నాను. "చూసిన్రా సార్, పాట మందు లెక్క పనిచేసింది."

ఆయనకు కోపం వచ్చింది. "మందేమిటి? వేగమే మందయితే మెట్రనోమ్‌తో ఎందుకు దాటలేదు? రెండో చరణం ముందు డ్రమ్ము ఒక దెబ్బ మింగేస్తుంది, గమనించావా? ఆ దెబ్బ మన కాలు వేస్తుంది. బాణీ కట్టినవాడికి ఆ సంగతి తెలుసు. పాట బాగుందమ్మా. నేను వినలేదు, అంతే. నువ్వు మాత్రం ఏం సమర్థించావు? పనికొస్తుందన్నావు. బాగుందని ఒక్కసారన్నా అన్నావా?"

అనలేదు. మడిని తిట్టిన నేను కూడా ఆ పాటను పనిమనిషిలాగే ఇంట్లోకి రానిచ్చాను.

ఈ కేసు తర్వాత పేషెంట్లను నేను అడిగే ప్రశ్న మారింది. "ఏ పాట అంటే ఇష్టం?" అని అడిగితే అందరూ పెద్దమనుషుల పాటలే చెబుతారు. అందుకే, "ఇష్టమని చెప్పుకోవడానికి సిగ్గుపడే పాట ఏది?" అని అడుగుతున్నాను. ముందు నవ్వుతారు. తర్వాత తలుపు దగ్గరగా వేయమంటారు. వేయను. ఆ పాట పెట్టి, ముందు నేను చివరిదాకా వింటాను. ఆ తర్వాతే లేచి నిలబడమంటాను.