పేరు మారిన పేపరు

ఆ యూనివర్సిటీలో చరిత్ర చెప్పే మేడమ్‌ని పిల్లలు చాటుమాటుగా "దొరగారి మేడమ్" అనేవాళ్ళు. పాపం, ఆవిడ తప్పేం లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆవిడ చేతికిచ్చినవి తెల్లదొరల పాఠాలే. ఏ దొర ఏ యుద్ధం గెలిచాడు, ఎక్కడ వంతెన కట్టించాడు, అదే గొడవ. రాళ్ళు మోసినవాళ్ళ ఊసే ఉండదు. ఆ మాట ఆవిడకు లోలోపల గుచ్చుకుంటూనే ఉండేది.

అందుకే పిల్లలు "మా చరిత్ర మాకు చెప్పండి" అంటూ మెట్లమీద బైఠాయిస్తే ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ముందు వరసలో కూర్చున్నది ఆవిడ క్లాసులోనే చదివే ఆవిడ కూతురు. చివరికి పైవాళ్ళు దిగొచ్చి, సిలబస్ మార్చడానికి కమిటీ వేసి, ఆవిడనే పెద్దగా పెట్టారు. సెలవులన్నీ ధారపోసి కూలీలు, నేతగాళ్ళు, పన్ను కట్టబోమని తిరగబడ్డ ఊళ్ళు అన్నీ కూర్చి పట్టుకెళ్ళింది.

శాఖాధిపతి కాగితాలు తిరగేసి, టీ తెప్పించాడు.

"బాగుందమ్మా. కానీ ప్రశ్నపత్రం తయారుచేసేది పై బోర్డు. వాళ్ళు పాతవే అడుగుతారు. పిల్లలు ఫెయిలైపోరూ? పేపరు పేరు మారుద్దాం. లోపల కదపొద్దు."

"దానికి నా సంతకం ఎందుకు సార్?"

"మీరు పెడితేనే పిల్లలు నమ్ముతారు. కాదంటారా, ఆ పేరు కూడా మారదు."

ఆవిడ సంతకం పెట్టింది.

"గెలిచామమ్మా!" అంటూ కూతురు మెడకు చుట్టుకుంది. మారింది పేరొక్కటేనని చెప్పకుండా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొత్త పుస్తకాలు వచ్చాక కూతురు నాలుగు పేజీలు తిప్పి చూసింది. అప్పటినుంచి ఇంట్లో ముక్తసరి మాటలే.

ఒకరోజు క్లాసులో ఆవిడ పుస్తకం మూసేసి, వంతెన కూలీలు పని ఆపేసిన సంగతి ఎత్తుకుంది. గొంతు తనదేనా అనిపించేంత హుషారు. అంతలో, ధర్నాలో అందరికన్నా గట్టిగా అరిచిన కుర్రాడే లేచాడు.

"మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు."

పెన్నులు ఒక్కొక్కటే బల్లలమీద వాలాయి. చివరి బెంచీలో కూతురు తల దించుకుంది. ఆవిడ పుస్తకం తెరిచి, వంతెన కట్టించిన దొర దగ్గర మొదలుపెట్టింది.

సాయంత్రం వంటింట్లో కూతురే కదిపింది.

"ఎందుకు ఆపేశావమ్మా?"

"మీకు పరీక్షలు కదే."

"అవును, పరీక్షలు. నేనూ పెన్ను కింద పెట్టేశాను కదా," అంది కూతురు. తల్లి చేతిలోంచి చాకు తీసుకుని, కూరగాయలు తరగడం మొదలుపెట్టింది.