చింతపండుతో తోమిన రివాల్వర్

ఆ ఏడాది విన్నిపెగ్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన స్టూడెంట్సే. నేనూ మరో ముగ్గురితో కలిసి ఒక రిటైర్డ్ తెలుగు డాక్టరు గారింట్లో కింద ఉండేవాణ్ణి. మిగతావాళ్లు షిఫ్టులకు పోతే నేను లైబ్రరీకి పోయేవాణ్ణి. చదివిందంతా భోజనాల దగ్గర, పైన ఉండే డాక్టరు అంకుల్‌కీ ఆంటీకీ వినిపించేవాణ్ణి. వాళ్లు అడిగారా లేదా అన్నది నాకు పట్టేది కాదు.

అంకుల్ దగ్గర ఒక పాత రివాల్వర్ ఉండేది. పేలదు. ఎప్పుడో ఒక ముసలి పేషెంట్ అభిమానంతో ఇచ్చిపోయాడు. ఊళ్లోని చిన్న మ్యూజియం వాళ్లు పాత ఆయుధాల ప్రదర్శన పెడుతూ, ఒరిజినల్ స్థితిలో ఉంటే తీసుకుంటామని, ఇచ్చినవారి పేరు కార్డు మీద వేస్తామని అన్నారు. ఏళ్ల తరబడి ఈ ఊరికి వైద్యం చేసిన అంకుల్‌కి ఆ కార్డు మీద తన పేరు చూసుకోవాలని మహా కోరిక.

"నువ్వు చదివి చెప్పవోయ్, ఒరిజినలో కాదో," అన్నారు.

మూడు పుస్తకాలు తెచ్చాను. వారం తిరిగేసరికి భూతద్దం పట్టుకుని తీర్పు చెప్పే స్థితికి వచ్చాను.

"చూడండి అంకుల్, ఫ్రేము మీదా సిలిండర్ మీదా ఒకటే నంబరు. అంచులు పదునుగా, అక్షరాలు లోతుగా ఉన్నాయి. మెషిన్‌తో పాలిష్ పట్టి ఉంటే అరిగిపోయేవి. స్క్రూల గాట్లు చెదరలేదు, ఎవరూ విప్పలేదన్నమాట. ఒరలో రాసుకున్న చోట గోధుమరంగు, సందుల్లో ఫ్యాక్టరీలో వేసిన అప్పటి నీలం పూత. ఈ మకిలే దీనికి సర్టిఫికెట్. ఒక్కసారి రుద్దామా, పోయినట్టే!"

అంకుల్ తల ఊపారు. ఆంటీ వంటింట్లో పోపు వేస్తున్నారు. ఈ ఇంట్లో దేన్నైనా రుద్దేది ఆవిడొక్కరేనని నా మూడు పుస్తకాల్లో ఎక్కడా లేదు.

మ్యూజియం ఆవిడ దసరా మర్నాడు వచ్చింది. అంకుల్ గుడ్డ తీశారు. రివాల్వర్ కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. నీలం లేదు, గోధుమరంగు లేదు.

ఆవిడ నంబర్లు చూసింది, అంచులు చూసింది, తల అడ్డంగా ఊపింది. పరువు దక్కించుకుందామని నేను భూతద్దం తీశాను. ఒక స్క్రూ గాటులో ఎరుపు కనిపించింది.

"ఇదిగో, ఇక్కడ పాత తుప్పు మిగిలింది!"

"తుప్పు కాదు నాయనా, కుంకుమ," అన్నారు ఆంటీ. "ఆయుధపూజలో మకిలి పట్టినదాన్ని పెడతామా? చింతపండూ ఉప్పూ వేసి గంటసేపు తోమాను. అంత లెక్చరు ఇచ్చావే, తోమకూడదని నాతో ఒక్క ముక్క అన్నావా?"

"అంకుల్‌కి చెప్పాను ఆంటీ."

"మీ అంకుల్ ఎప్పుడైనా గిన్నె తోమడం చూశావా?"

అంకుల్ కిటికీలోంచి తొలి మంచు చూడసాగారు. ఆంటీ మాటలు నేనే ఇంగ్లిష్‌లో చెప్పాను. మ్యూజియం ఆవిడ నవ్వు ఆపుకుని, "ఇలాంటిది కూడా మాకు ఒకటి కావాలి," అంది.

ప్రదర్శన మొదటిరోజే అందరం వెళ్లాం. ఒకే అద్దాల పెట్టెలో రెండు రివాల్వర్లు. మసకగా ఉన్నదాని కింద 'ఒరిజినల్ స్థితి' అని రాశారు. మనదాని కింద, 'శుభ్రం చేయడం వల్ల ఒరిజినల్ ఉపరితలం పూర్తిగా పోయినది'. దాని కింద అంకుల్ పూర్తి పేరు, డాక్టరుతో సహా. అంకుల్ ఆ చివరి లైను మాత్రమే వచ్చేలా ఫోటో తీసుకున్నారు.

"పక్కదాన్ని పాపం ఎవరూ తోమినట్టు లేదు," అన్నారు ఆంటీ, జాలిగా.