తోడు కోసం చదివిన లెక్కలు

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో చాయ్ చల్లారిపోయేదాకా ఒకటే చర్చ. మా మనుమరాలు ఆరో తరగతిలోకి వస్తోంది. హైవే పక్కనున్న వాళ్ల బడిలో ఆరు నుంచి పిల్లలను రెండుగా విడదీస్తారట, మామూలు సెక్షన్ ఒకటి, ఫౌండేషన్ సెక్షన్ ఒకటి. ఫౌండేషన్ అంటే ఆరులోనే ఎనిమిదో తరగతి లెక్కలు, సైన్సు మొదలుపెట్టి, పిల్లను ఇప్పటి నుంచే ఇంజనీరింగ్ పరీక్షలకు నూరడం అన్నమాట. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా అబ్బాయి వెయ్యాల్సిందేనంటాడు, కోడలు పిల్ల నలిగిపోతుందంటుంది, ఇద్దరికీ తెగక చివరికి నా వైపు తిరిగారు. "అమ్మా, నువ్వే చెప్పు. లెక్కల టీచర్‌వు నీకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది?" అన్నాడు వాడు. నేను రెండు రోజులు ఆగమన్నాను. నేనేదో లోతుగా ఆలోచిస్తానని వాళ్లనుకున్నారు గానీ, నిజానికి ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది మా అక్క.

మన ఈడు వాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, మన కాలంలోనూ ఇలాంటి విడదీత ఒకటి ఉండేది. ఏడు పాసై ఎనిమిదిలోకి వచ్చేసరికి లెక్కలు రెండు దారులయ్యేవి. జనరల్ లెక్కలంటే వడ్డీలు, లాభనష్టాలు, గోడకు సున్నం ఎంత పడుతుందనే రకం, ఇల్లు గడుపుకోవడానికి సరిపోయేవి. కాంపోజిట్ లెక్కలంటే బీజగణితం, రేఖాగణితం, పేజీల కొద్దీ సిద్ధాంతాలు, ముందుముందు లెక్కలతో పెద్ద చదువు చదవాలంటే అదొక్కటే దారి. పదమూడేళ్లయినా నిండని పిల్లల బతుకు ఒక వేసవి సెలవుల్లో అలా చీలిపోయేది. ఎవరు ఎటు పోవాలో లెక్కల సారూ ఇంట్లో పెద్దలూ కలిసి తేల్చేవారు. పిల్లలను అడిగే అలవాటు అప్పుడు ఎవరికీ లేదు, అడిగినా మనం తల వంచుకుని కాలి వేలితో నేల గీకి ఉండేవాళ్లం.

మా నాయినకు జహీరాబాద్‌లో బెల్లం దుకాణం. సరిహద్దు అవతలి ఊరి నుంచి మా తాత బండి కట్టుకొచ్చి పెట్టింది అది, అందుకే మా ఇంట్లో ముసలివాళ్లకు కోపం వస్తే కన్నడంలో తిట్టేవారు, ముద్దు చేయడం మాత్రం తెలుగులోనే. ఆ ఇంట్లో అక్కా నేనూ ఇద్దరమే ఆడపిల్లలం. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద, అయినా ఇద్దరిదీ ఒకే తరగతి. ఆడపిల్లను ఒంటరిగా బడికి పంపడమనే మాట మా ఇళ్లల్లో లేదు కనుక, నాకు బడి ఈడు వచ్చేదాకా అక్కను ఇంట్లోనే ఆపి, ఇద్దరినీ ఒకే రోజు తీసుకుపోయి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. మా బజారులో ఇంకో రెండిళ్లల్లో కూడా ఇదే పద్ధతి ఉండేది. ఒకరికి జ్వరమొస్తే రెండో పిల్లకూ ఇల్లే. నాకు గవదబిళ్లలు లేచి మంచం పట్టినప్పుడు, నొప్పి నాదైతే ఏడుపు అక్కది, పొద్దున్నే లేచి జడలేసుకుని గడప మీద కూర్చుని బడికి పోయే పిల్లలందరినీ చూస్తూ ఉండేదట. నన్ను ఎన్ని కషాయాలతో చంపిందో చెప్పలేను, నా మీద ప్రేమ సగం, బడి మీద ప్రేమ సగం.

అక్క మొద్దు కాదు, ఆ మాట ఎవరన్నా అంటే నేను ఊరుకోను. పద్యం ఒకసారి వింటే వచ్చేసేది, పటంలో నదులు కళ్లు మూసుకుని చూపించేది, వడ్డీ లెక్క నాయిన కంటే ముందు నోటితోనే చెప్పేది. కానీ అంకెల చోట అక్షరాలు వచ్చేసరికి ఆమెకు బెదురు. "ఎక్స్ అంటే ఎంత?" అని అడిగేది, ఎంతైనా కావచ్చు అంటే, "ఎంతో తెల్వనిదాన్ని ఎట్ల కూడుతరే?" అని నవ్వేది. నాకు ఆ తెలియనితనమే సరదాగా ఉండేది. ఒక్క కడుపున పుట్టినా బుర్రలు ఒక్కటి కావు కదా.

ఏడో తరగతి అయిన వేసవిలో మా లెక్కల సారు దుకాణానికి వచ్చారు. బెల్లం కొనడానికనుకుని నాయిన పీట వేశారు. సారు కూర్చోకుండానే, "సేటూ, మీ చిన్న బిడ్డకు లెక్కల మీద మస్తు పట్టున్నది. జనరల్ల ఏసి ఖరాబ్ చెయ్యకున్రి, కాంపోజిట్ ఇప్పియ్యిన్రి" అన్నారు. చిక్కేమిటంటే మా ఆడపిల్లల బడిలో కాంపోజిట్ చెప్పేవాళ్లు లేరు, దానికోసం రోడ్డు దాటి మగపిల్లల హైస్కూలుకు పోవాలి. నాయిన మరీ మొండివాడేమీ కాదు, సారు చెప్పింది విని ఆయన ముఖం వెలిగింది కూడా. కానీ ఒక్కదాన్ని మగపిల్లల బడికి ఎలా పంపడం? కాసేపు ఆలోచించి, "అట్లయితే పెద్దదానికి గూడ గవే లెక్కలు ఇప్పియ్యిన్రి సారూ. ఇద్దరు కల్సి పోతరు, కల్సి వస్తరు, మాకు ఫికర్ ఉండదు" అన్నారు.

దుకాణం వెనక గుమ్మంలో నిల్చున్న నాకు ఆయన ముఖం కనిపిస్తూనే ఉంది. అక్కకు ఆ లెక్కలు పడవని ఆయనకు తెలుసు, పెద్దామె జనరల్‌లో ఉంటే హాయిగా పాసవుతుందని నెమ్మదిగా అననే అన్నారు. నాయిన నవ్వి, ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, చెల్లె పక్కన కూర్చుంటే అదే వస్తుందిలే అన్నారు. ఇంకొక్క మాట గట్టిగా అంటే నా చదువు కూడా పోతుందని సారుకు అర్థమై ఉంటుంది. సరే సేటూ అని ఇంత బెల్లం ముక్క చేతిలో పట్టుకుని వెళ్లిపోయారు. మా ఇద్దరి చదువు అంతసేపట్లో తేలిపోయింది. అమ్మ జొన్న రొట్టెలు కొడుతూ ఆ సంగతి చెబితే, అక్క ఎగిరి గంతేసింది. ఏ లెక్కలన్నది ఆమె అడగనే లేదు, పెద్ద బడికి పోతున్నామన్నదే విన్నది.

మగపిల్లల మధ్య మేమిద్దరమే ఆడపిల్లలం, తలుపు పక్కన ముందు బెంచీ మాది. గోడ వైపు నేను, పిల్లల వైపు అక్క, మూడేళ్లూ అదే వరస. ఎవడైనా వెనక నుంచి కాగితపు ఉండ విసిరితే అది అక్కకే తగిలేది, ఆమె లేచి వాడి పేరు పెట్టి, వాళ్ల నాయిన పేరు కూడా పెట్టి కడిగేస్తే, వాడు వారం దాకా తలెత్తేవాడు కాదు. నేను మాత్రం లోకం పట్టనట్టు బోర్డు మీద లెక్కలోకి దిగిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆ మూడేళ్లలో బోర్డు తప్ప ఇంకేమీ కనబడకపోవడానికి కారణం, మిగతాదంతా అక్క చూసుకోవడమే అనిపిస్తుంది.

సిద్ధాంతాలను అక్క పద్యాల్లాగా కంఠస్థం పట్టింది. త్రిభుజం ఏబీసీ అని మొదలుపెడితే చివరిదాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది, అక్కడి సారు అదే త్రిభుజానికి పీక్యూఆర్ అని పేరు మారిస్తే మాత్రం నోట మాట రాక నిలబడిపోయేది. నేను తర్వాత ఎందరో పిల్లల్లో ఇది చూశాను, దానికి ఎలా చెప్పాలో కూడా నేర్చుకున్నాను. అప్పుడు నాకు అంత తెలివి లేదు. సాయంత్రాలు దుకాణం వెనక వరండాలో కూర్చుని నాకు వచ్చిన పద్ధతిలోనే గబగబా చెప్పేదాన్ని, ఆమె నా ముఖం చూస్తూ తల ఊపేది. ఒక్కోసారి నా విసుగు కనిపెట్టి, "నాకు రాకుంటే మానె, నువ్వు చెప్తుంటే మంచిగున్నది, చెప్పు" అనేది.

పదో తరగతి ఫలితాలు హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చే పేపర్లో పడేవి. ఆ రోజు బస్టాండులో జనం మధ్య దూరి పేపర్ లాక్కొచ్చింది అక్కే. నా నంబరు వెతికి పట్టుకుని, రోడ్డు మీదే నన్ను ఎత్తి తిప్పినంత పని చేసింది. ఆమె నంబరు వెతకాలని ఇద్దరికీ తోచింది ఆ తర్వాతే. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాం. లేదు. లెక్కల్లో ఒక్కదాంట్లోనే పోయిందని తర్వాత తెలిసింది, తెలుగులో ఆమెకు నాకంటే ఎక్కువ మార్కులు. మళ్లీ కట్టి రాసింది, మళ్లీ పోయింది. జనరల్‌కు మారుస్తారా అని నాయిన ఎవరినో అడిగితే, అట్లయితే మళ్లీ ఎనిమిదో తరగతి నుంచి కూర్చోవాలన్నారు. పెళ్లీడుకొచ్చిన పిల్ల ఎనిమిదిలో కూర్చోవడమేమిటని నవ్వి ఊరుకున్నారు. అక్క కూడా నవ్వింది.

అసలు మంట నాకు ఎక్కడంటే, తోడు లేనిదే పంపనన్న మా నాయినే, ఆ ఏడు నన్ను పై చదువుకు సంగారెడ్డిలో మామ ఇంటికి ఒక్కదాన్నే బస్సెక్కించారు. మా పాత లెక్కల సారు మళ్లీ వచ్చి చెప్పారు, మామ కబురు పంపారు, కాలం మారుతోందని అందరూ అన్నారు. మారింది నిజమే, అక్క పరీక్ష తప్పిన వేసవికి మారింది. ఆ పొద్దున బస్టాండుకు వచ్చిన అక్క నా ట్రంకు పెట్టె లోపలికి తోసి, కండక్టర్ దగ్గరికి పోయి, "అన్నా, మా చెల్లె ఒక్కతే పోతున్నది, జర చూస్కోరాదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఈర్ష్య కోసం నేను ఎన్నిసార్లు వెతుక్కున్నానో. ఉండి ఉంటే నాకు కాస్త తేలిక అయ్యేది.

మరుసటేడు అక్కను న్యాల్‌కల్ దగ్గర పల్లెకు ఇచ్చారు. బావ మంచివాడు, నల్లరేగడి పొలం, జొన్న, కంది, శనగ. అక్క ఆ ఇంటిని బంగారంగా దిద్దుకుంది, కష్టపడింది గానీ చితికిపోలేదు. నేను డిగ్రీ, బీఎడ్ చేసి లెక్కల టీచర్‌నయ్యాను. మేము కలుసుకున్నప్పుడల్లా అక్క బడి కబుర్లు అడిగేది, కొత్త హెడ్మాస్టర్ ఎలాంటివాడు, ప్రార్థన ఎవరు పాడతారు, నల్లబల్లలకు రంగు వేశారా లేదా అని. నేను అలసిపోయి, ఊరుకో అక్కా, రోజూ ఉండేదే కదా అనేదాన్ని.

ఝరాసంగం వైపు బడిలో నేను రిటైరైన రోజు అక్క కూడా వచ్చింది. శాలువాలు, దండలు, ప్రసంగాలు సాగుతుంటే మధ్యలో చూస్తే ఆమె కుర్చీలో లేదు. అంతా అయ్యాక వెతుక్కుంటూ పోతే, ఖాళీగా ఉన్న ఎనిమిదో తరగతి గదిలో ముందు బెంచీ మీద, చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అన్నేళ్లూ నా నోట్లోనే ఉండిపోయిన మాట అప్పుడు అడిగాను, అక్కా, నా కోసం ఆ లెక్కల్లో కూర్చున్నావు, అప్పుడు నిన్ను అడిగి ఉంటే ఏది కోరుకునేదానివి అని.

ఆమె బోర్డు వైపే చూస్తూ, "లెక్కలు గిక్కలు నాకేం తెల్సు చెల్లె. నాకు బడికి పోవుడే ఇష్టముండె. ఏ లెక్కలైతేంది, పోతే చాలనుకున్న. గా లెక్కలతోని బడే బందయితదని అనుకోలె" అంది. తర్వాత పైట సర్దుకుని, బస్సుకు టైమవుతుంది పద అని లేచింది. నేను యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా రోజూ బడికి పోయిన మనిషిని, ఎన్నో పొద్దులు విసుక్కుంటూ పోయిన మనిషిని, ఆమె వెనకే ఆ గది తలుపు మూసి బయటికి నడిచాను.

అక్క పోయి రెండేళ్లవుతోంది.

అన్న మాట ప్రకారం నిన్న మా అబ్బాయికి చెప్పాను, ముందు పిల్లను అడగండిరా అని. పదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుందమ్మా అని నవ్వాడు, వాణ్ణి తప్పుపట్టను, వాడి భయాలు వాడివి. సాయంత్రం నేనే మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. అది నా వైపు తిరిగి, "నానమ్మా, గా సెక్షన్ల ఆటల పీరియడ్ ఉంటదా?" అంది. ఉండదట అని చెప్పాను. అట్లనా అని ఆడుకోవడానికి బయటికి పోయింది. రేపు వాళ్లు ఏం తేలుస్తారో నాకు తెలియదు, నానమ్మల కాలం కథలు ఈ కాలపు ఫీజుల ముందు ఎంత దూరం నిలుస్తాయి?

ఇప్పుడు మా వీధిలో ఆడపిల్లలు ఒక్కొక్కరే వ్యాన్ ఎక్కుతారు, ఒక్కొక్కరే దిగుతారు. ఎవరి సీటు వాళ్లది, ఎవరి పరీక్ష వాళ్లది, ఒకరి చదువు కోసం ఇంకొకరు తమకు పడని లెక్కల్లో కూర్చోవాల్సిన పని లేదు. ఈ మార్పు చూసి నేను నిజంగా సంతోషిస్తాను. కానీ పొద్దున ఆ వ్యాన్ మలుపు తిరిగి పోతుంటే నాకు రోజూ ఒకటే అనిపిస్తుంది, ఇంత తేలికగా, ఎవరి తోడూ లేకుండా, ఉత్త బడికి పోవడానికే బడికి పోగలిగే కాలంలో మా అక్క పుట్టి ఉంటే ఎంత బాగుండేది అని.