ఉప్పు ఎంతని అడిగిన ఎదురింటావిడ

బోర్ కొట్టలేదులే కన్నా. సముద్రం రోజుకో రంగులో ఉంటుంది. వారానికోసారి కూరగాయల పడవ వస్తుంది, ఆ రోజు మీ అత్తకీ నాకూ పండగే. ఈ ద్వీపానికి నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదా అని కదా అడిగావు? ఒక్కరొచ్చారు. పెర్త్ నుంచి, హారిస్‌డేల్‌లో మీ ఎదురింటి అమ్మమ్మ.

అంతకుముందు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నేను పాలు స్టవ్ మీద పెట్టి వాకింగ్‌కి వెళ్ళిపోయిన రోజు. ఇల్లంతా పొగ, అలారం గోల, మీరిద్దరూ స్కూలు బట్టలతో లాన్‌లో నిలబడి ఉన్నారు. తర్వాత మీ నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ గడియారం బొమ్మ గీయమన్నారు, వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నారు. జ్ఞాపకశక్తి వయసుకి తగ్గట్టే ఉందన్నారు. అయినా ఇంటికొచ్చాక నన్ను వంటింట్లో ఒంటరిగా వదల్లేదు. ఒక నెలకని మీ అత్త దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. తను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి వేడివేడిగా వండి పెడతాను. ఇక్కడ స్టవ్ నాది.

మీ నాన్న మాత్రం ప్రతి ఆదివారం ఫోన్‌లో అదే మాట, వచ్చెయ్యమ్మా, ఇక్కడైతే నేను చూసుకుంటాను అని. ఆ చూసుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇలా ఉండగా ఎదురింటావిడ ఫోన్ చేసి, శనివారం వస్తున్నాను వదినా, సముద్రం చూడాలనుంది అంది. నాకప్పుడే అనుమానం వచ్చింది. పెర్త్‌లో బీచికి వెళ్తే కారు దిగని మనిషి. తడి ఇసుక కాళ్ళకి అంటుకుంటే అసహ్యమనేది. అలాంటిది ఇన్ని విమానాలు మారి, పైన పడవెక్కి, సముద్రం కోసం వస్తుందా? టికెట్లు ఎవరు తీశారంటే పిల్లలు చూసుకున్నారంది. ఏ పిల్లలో చెప్పలేదు.

వచ్చింది. సముద్రం వైపు ఒక్కసారి చూసి, ఎండ ఎక్కువగా ఉందని లోపలికొచ్చేసింది. నేను కాఫీ కలుపుతుంటే ఫ్రిజ్ తెరిచి పాలు వాసన చూసింది. నా మాత్రల డబ్బాలో ఏ గడి ఖాళీగా ఉందో చూసింది. ఇవాళ ఏ వారం వదినా అని ఒకసారి, ఏకాదశి ఎప్పుడు అని ఒకసారి. చేతిలో ఫోనుంది, అందులో పంచాంగం ఉంది. నేను సరిగ్గానే చెప్పాను. ఓహో, అంది.

రెండో రోజు సాయంత్రం ఇంటి వెనక్కి వెళ్ళి ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. గిన్నెలు కడుగుతున్నదాన్ని కుళాయి కట్టేశాను.

"ఇంకా పూర్తిగా చూడలేదు బాబూ" అంటోంది.

ఆవిడ బాబూ అని పిలిచేది మీ నాన్ననే.

మూడో రోజు బడి ఆవరణలో కోసిన పచ్చి మామిడికాయలు మీ అత్త సంచినిండా తెచ్చిచ్చి వెళ్ళింది. ఆవిడ సూట్‌కేసులోంచి కారం, ఆవపిండి, నువ్వుల నూనె తీసింది. వరండాలో కూర్చుని ముక్కలు కొట్టి, తుడిచి ఆరబెట్టాం. కలిపేటప్పుడు ఆవిడ అడిగింది.

"ఉప్పు ఎంత వేద్దాం వదినా?"

మనలో ఇంకో ఇంటావిడని ఆవకాయ కొలత ఎవరూ అడగరమ్మా. ఎవరి చెయ్యి వాళ్ళది. అందులోనూ ఈవిడ! ఏటా మీ వీధందరికీ సీసాలు పంచే మనిషి. నా ఆవకాయలో ఉప్పు చాల్లేదని నా మొహం మీదే అన్న మనిషి.

నాకు ఒళ్ళు మండింది. నన్ను పరీక్షిస్తున్నావా, నేనూ నిన్ను పరీక్షిస్తాను అనుకున్నాను. నిజంగా ఆవకాయ కోసమే అడిగితే తప్పు కొలత చెప్పగానే నా మీద విరుచుకుపడుతుంది. మీ నాన్న కోసం అడిగితే ఊరుకుంటుంది.

"గ్లాసు కారానికి గ్లాసు ఆవపిండి. ఉప్పు రెండు గ్లాసులు" అన్నాను. ముప్పావు గ్లాసు చాలు.

ఆవిడ చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూసింది. తర్వాత ఒక గ్లాసు ఉప్పు పోసింది. ఇంకో గ్లాసూ పోసింది. తలెత్తకుండా కలిపేసింది.

నేనేం చేశానో అప్పుడు తెలిసింది. వాళ్ళకి కావలసిన సాక్ష్యం నా నోటితో నేనే ఇచ్చాను. కావాలనే అలా అన్నానని చెబుదామా అంటే, మరిచిపోయిన ప్రతివాళ్ళూ అనే మాటే కదా అది.

మర్నాడు ఆవిడని పడవెక్కించడానికి వెళ్ళి, ఉండబట్టలేక అడిగాను.

"మా వాడికి ఏం చెబుతావు?"

"ఏముంది చెప్పడానికి? సముద్రం బాగుందని చెబుతా" అంది, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని పడవెక్కుతూ.

ఆదివారం దాకా ఫోన్ మోగితే చాలు, మీ నాన్నేమోనని పేరు చూసేదాన్ని. మీ నాన్న చేశాడు. ఇంటికి రమ్మంటాడని కాచుకుని ఉన్నాను.

"నీకక్కడ బాగుందటగా అమ్మా. ఆవకాయ కూడా కొలత తప్పకుండా కలిపావట. సరే, నీ ఇష్టం ఉన్నన్నాళ్ళు ఉండు" అన్నాడు.

ఆ తర్వాత ఆవిడతో ఎన్నిసార్లు మాట్లాడానో. ఆ సంగతి ఎత్తగానే మోకాళ్ళ నొప్పులని, మనవడి యూనివర్సిటీ చదువని, ఏదో ఒకటి చెప్పి మాట మార్చేస్తుంది. నేను కావాలనే తప్పు చెప్పానని ఆవిడ కనిపెట్టిందా? లేక నాకు నిజంగానే మతి తప్పుతోందనుకుని, మీ నాన్నతో నాకోసం అబద్ధం చెప్పిందా?