ఊరికే వచ్చిన హార్మోనియం

యుద్ధం జరుగుతుండిన ఆ రోజుల్లో మా పుంగనూరులో ఊరికే దొరికేది ఒక్కటే, సలహా. కిరసనాయిలుకు వరసలో నిలబడాల, చక్కెరకు నిలబడాల, గుడ్డకు నిలబడాల. పెట్రోలు లేక బస్సులు వెనకాల బొగ్గుల పొయ్యి తగిలించుకుని తిరిగేవి. మిట్ట వస్తే ఆగిపోయేవి, మనమే దిగి తొయ్యాల (టిక్కెట్టు మాత్రం హాయిగా కూర్చున్నవాళ్ళ రేటే). అట్లాంటి కాలంలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన మా చర్చి వాకిట్లో నిలబడి "అంతా ఫ్రీ" అంటే మేం నోళ్ళు తెరుచుకుని విన్నామంటే అందులో వింతేముంది? ఇప్పుడు నా మనవళ్ళు టీవీలో చూసి వడ్డీ లేని అప్పు, రుసుము లేని కార్డు అని ఎగురుతుంటే నేను నోరెత్తను. ఆ విషయంలో బుద్ధులు చెప్పే అర్హత నాకు ఇరవై రెండో ఏటనే పోయింది.

అప్పుడు నేను మదనపల్లెలో అయివారి ట్రైనింగు ముగించుకుని పుంగనూరు మిషన్ బడికి కొత్తగా వచ్చినాను. ట్రైనింగులో పాఠం చెప్పడం ఎంత నేర్చుకున్నానో నా శిష్యులను అడగాల గానీ, సాయంత్రాలు ఒక పెద్దాయన దగ్గర కూర్చుని హార్మోనియం మాత్రం నేర్చుకున్నాను. మొత్తం ఎనిమిది కీర్తనలు వచ్చు. తొమ్మిదోది ఎవరైనా అడిగితే ఎనిమిదిట్లో ఒకదాన్ని నిదానంగా వాయించేవాణ్ణి. పుంగనూరు చర్చిలో చూస్తే హార్మోనియమే లేదు. తాళాలు, ఒక కంజీర, అంతే. నావంటి విద్వాంసుడు తాళాలు కొట్టుకుంటూ ముసలివాడైపోతాడే అని నాకు తిండి సహించేది కాదు. (అంత బెంగలోనూ ముద్దల లెక్క తగ్గలేదని మా వంటావిడ అనేది. ఆమె మాట పట్టించుకోవద్దు.)

తెల్లకోటాయన కుప్పంలో రైలు స్టేషను పక్కన జనం దగ్గర డబ్బు కట్టించుకునే ఒక నిధి తరఫున వచ్చినాడు. ఆ నిధి పేరు బోర్డు మీద రెండు వరసలు పట్టేది గనక మేం ఉత్త నిధి అనే అనేవాళ్ళం. ఆయన పేరు కూడా పొడుగే. మాట మాటకీ ఫ్రీ అంటాడు గనక, మా సీమలో ప్రతి పేరుకూ తగిలించేది తగిలించి, ఫ్రీయప్ప అన్నారు. పథకం చాలా సులభం. నెలనెలా ఇంత కడితే సొమ్ము పెరుగుతుంది, కావలసిననాడు తీసుకోవచ్చు. చర్చిలో సగం ఇళ్ళవాళ్ళు చేరితే చర్చికి ఒక హార్మోనియం ఫ్రీ. ఆ చివరి మాట విన్నాక ముందరి మాటలు నాకు వినిపించలేదు. ఆ రోజు నుంచి జీతం లేకుండా నిధికి ఏజంటునైపోయినాను. బడి వదిలినాక ఇల్లిల్లూ తిరిగి ఆధునిక వాణిజ్యం గురించి ఉపన్యాసాలు ఇచ్చినాను. ఆ విషయం గురించి నాకు తెలిసిందంతా ఫ్రీయప్ప చెప్పిందే.

నన్ను ఎదురు ప్రశ్న అడిగింది ఒక్క కోళ్ళవ్వే. ఒంటిమనిషి. చెనిక్కాయలు ఒలిచేదానికి కూలికి పోయేది, నాలుగు కోళ్ళు సాకేది. బోదగడ్డి కప్పిన కొట్టంలో ఉండేది. పైకప్పుకు పెంకులు వేయించాలని ఎన్నో ఏండ్లుగా చీర కొంగులో, కొంగులోంచి కుండలో కూడబెట్టుకుంటాండేది. నా ఉపన్యాసం అంతా ఓపికగా విని, "ఊరికే యాల ఇస్తాండారప్పా? వాళ్ళ తోటలో హార్మోనియాలు కాస్తాండాయా?" అని అడిగింది. నేను నవ్వినాను. చదువుకున్నవాళ్ళు నవ్వే నవ్వు. నా వెంట వచ్చిన ఫ్రీయప్ప అందుకుని, ఒకేసారి మొత్తం కట్టేవాళ్ళకు నెలనెలా ఫీజు కూడా లేదు, వానలకు ముందర ఎప్పుడు అడిగినా తెచ్చి చేతిలో పెడతామన్నాడు. అవ్వ ఆయన మొగం చూడలేదు, నా మొగం చూసింది. "నువ్వు సదువుకున్నోడివి, నువ్వు సెప్తే సరే" అని కుండ తెచ్చి బోర్లించింది.

హార్మోనియం వచ్చింది. బండి దిగిన రోజే మా పాస్టరయ్య దానిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠ చేసేసినాడు. కొత్త బల్ల వచ్చినా, కొత్త దీపం వచ్చినా మా చర్చిలో అది ఆచారం. ముందర ప్రార్థన, తర్వాతనే అది పనిచేస్తుందా లేదా చూడ్డం. పనిచేసింది. ఒక మెట్టు మాత్రం నొక్కితే మళ్ళీ లేచేది కాదు, దాన్ని చిటికెన వేలితో లేపుతూ వాయించేవాణ్ణి. ఆడంగులు నా వేళ్ళ పనితనం చూసి ముక్కున వేలేసుకున్నారు. కొన్ని నెలలు నా అంత మొనగాడు పలమనేరు దాకా లేడు.

వానలకు ముందు అవ్వ తన సొమ్ము అడిగింది. ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి అని ఫ్రీయప్ప మాట దాటేస్తుంటే, నేనే కుప్పం పోయి తెస్తానని బయల్దేరినాను. పలమనేరు మీదుగా బస్సును తోసుకుంటూ పోయి నిధి ఆఫీసు చేరినాను. మేనేజరు ఎంత మర్యాదస్తుడంటే లేచి నిలబడి కుర్చీ వేసినాడు, కాఫీ తెప్పించినాడు. తర్వాత నిదానంగా అవ్వ సొమ్ములోంచి తీసివేతలు చదివినాడు. ఒకేసారి కట్టినవాళ్ళకు ఫీజు లేదన్నారే అంటే, "నెలనెలా కట్టేవాళ్ళ ఫీజు లేదు సార్. ఒకేసారి కట్టినవాళ్ళది వేరే" అన్నాడు. చేరినందుకు ఒకటి, సొమ్ము ఇనప్పెట్టెలో ఉన్నందుకు దానికి బాడిగ ఒకటి, గడువుకు ముందే తీస్తున్నందుకు ఒకటి, యుద్ధపు అదనం ఒకటి. హార్మోనియం ఫ్రీనే, అందులో మాట తప్పలేదు. దాని పెట్టె, రైలు బాడిగ, కూర్చునే బల్ల, చెదలు పట్టకుండా పూసిన పూత, ఇవి వేరే. వచ్చినవాళ్ళ మర్యాద ఖర్చు అని కూడా ఒకటి చదివినాడు. అప్పటికే ఆ కాఫీ సగం తాగేసినాను (మిగతా సగం కూడా తాగినాను, డబ్బిచ్చింది అవ్వ గదా). అన్నీ తీసేస్తే అవ్వకు వచ్చేది ఏమీ లేదు, అవ్వే నిధికి కొంచెం బాకీ. "ఆ బాకీ ఇప్పుడే కట్టమని ఒత్తిడి చేయం సార్. అది మేం ఉచితంగా చేసే సాయం" అని నన్ను ఓదార్చినాడు.

నా మొగం చూసి పాపం ఒక దారి కూడా చెప్పినాడు. హార్మోనియం వెనక్కి పంపించేస్తే ఈ తీసివేతలన్నీ రద్దు, అవ్వ సొమ్ము మొత్తం అవ్వకే. బస్సులో వస్తూ దారి పొడుగునా ఆలోచించినాను. నా కీర్తి పోతుంది, పోతే పోనీ అనుకున్నాను. అంత త్యాగం చేస్తున్నందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. తీరా పుంగనూరు వచ్చి చెబితే పాస్టరయ్య, సంఘపెద్ద మేస్త్రిమామ ఇద్దరూ అడ్డంగా తలూపినారు. ప్రతిష్ఠ చేసిన వస్తువు దేవునిది. దేవుని వస్తువును కుప్పం పంపించేదానికి మనమెవరం అన్నారు. మెట్టు లేవని హార్మోనియాన్ని దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడని అడగబోయి ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు కొంచెం సంతోషం కూడా లేకపోలేదు.

అవ్వకు ఈ సంగతి చెప్పేదానికి పోయినాను. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అంతా విని, కొట్టం మీద కుళ్ళిపోయిన బోద వంక చూసి, "ముసురు పట్టేలోపల వస్తాదా అయివారూ?" అని మాత్రం అడిగింది. వస్తుందన్నాను. ఎట్లా వస్తుందో ఆ దేవుడికే తెలియాల, ఆయనేమో హార్మోనియం తీసుకుని కూర్చున్నాడు.

చెనిక్కాయలు పెరికినాక కోతపండుగ వచ్చింది. ఆ రోజు మా వాళ్ళు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు చర్చికి తెస్తారు. గుమ్మడికాయలు, రాగులు, చెనిక్కాయల మూట, పంట లేనివాళ్ళు కోడో, గుడ్డో. ఆరాధన అయినాక వాటికి వేలం. ఆ వేలం బయటి వేలం లాంటిది కాదు. పాట పాడి గెలిచినవాడు వస్తువును ఇంటికి తీసుకుపోతే నలుగురూ నవ్వుతారు. దేవుని పేరిట తిరిగి ఇచ్చేయాల, మళ్ళీ దానికే వేలం, మళ్ళీ ఇంకా ఎక్కువకు పాడాల. ఒక గుడ్డు అట్లా చర్చంతా తిరిగి, సాయంత్రానికి ఒక మేక ఖరీదు చేసేది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, తల్లి ఒడిలో కూర్చుని చూసి నేర్చుకుంటాం.

ఫ్రీయప్ప మా మతంవాడు కాదు. బి.కొత్తకోట, మదనపల్లె చుట్టాలంతా వచ్చి ఉంటారని, కొత్తవాళ్ళను చేర్చుకోవచ్చని వచ్చినాడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి అందరి దగ్గరా నెల వసూళ్ళు కూడా చేసుకుని సంచీ నింపుకున్నాడు. మేస్త్రిమామ ఆయన్ను పిలిచి ముందు వరసలో కుర్చీ వేసినాడు. అవ్వ తెచ్చిన పొడల కోడిపెట్టను పైకెత్తి మామ పాట మొదలుపెట్టగానే, ఫ్రీయప్ప జనం మెప్పు కోసం నిధి పేరిట పెద్ద మొత్తమే పాడినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. కోడి ఆయన ఒళ్ళోకి వచ్చింది. డబ్బు ఇచ్చినాక, దేవుని పేరిట తిరిగి ఇచ్చేయాలప్పా అన్నాడు మామ. ఇదేదో లాంఛనం అనుకుని ఇచ్చేసినాడు. మామ మళ్ళీ పైకెత్తి పాట మొదలుపెట్టినాడు. చర్చిలో ఎవరూ నోరు మెదపలేదు, అందరూ ఫ్రీయప్ప వంకే భక్తిగా చూస్తాండారు. కొత్త సభ్యులు కావాలంటే ఆ చూపులకు జవాబు చెప్పాల గదా, ఇంకొంచెం ఎక్కువకు పాడినాడు. మళ్ళీ కోడి, మళ్ళీ డబ్బు, మళ్ళీ దేవుని పేరు. పాటకూ పాటకూ మధ్య నేను ఆయన ఫ్రీగా ఇచ్చిన హార్మోనియం మీద సంతోషంగా ఒక కీర్తన వాయిస్తాన్నాను. మామ కావాలని చేసినాడో, ఆచారం ప్రకారం చేసినాడో నాకు ఈనాటికీ తెలియదు. అడిగితే మీసం దువ్వుకునేవాడు.

సంచీ అడుగు కనిపించినాక ఫ్రీయప్ప లేచి నిలబడినాడు. ఒక్క కోడికి ఎన్నిసార్లు కట్టాల, ఇదంతా ముందే చెప్పొద్దా అని అడిగినాడు. ఆడవాళ్ళ వరసలోంచి అవ్వ అంది.

"కోడి ఊరికేనప్పా. దానికి మేం దమ్మిడీ అడగలేదు. ఇదంతా వేరే."

ఆ మాట కుప్పం మేనేజరుది, నేను ఆమెకు చెప్పిన మాట. ఆమె గొంతులో ఎగతాళి ఏమీ లేదు, నియమం చెబుతున్నట్టే చెప్పింది. ఫ్రీయప్ప కోడిని కూడా తీసుకోకుండా పలమనేరు బస్సెక్కి పోయినాడు, మళ్ళీ మా దిక్కు రాలేదు. కొద్దిరోజులకే కుప్పంలో నిధి తలుపుకు తాళం పడిందని, రెండు వరసల బోర్డు కూడా లేదని తెలిసింది. మా అందరి సొమ్ములోనూ వెనక్కి వచ్చింది ఆ కోడి మీద వచ్చిందే.

ఆ డబ్బు అవ్వకు ఇవ్వాలని సంఘం కూటంలో లేచి వాదించినాను. దేవునికి ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు, అయితే దేవుడు బీదవాళ్ళకు ఇవ్వచ్చు అని పాస్టరయ్య ఉపాయం కనిపెట్టినాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను కళ్ళు తుడుచుకుంటుండగానే లెక్క మొదలైంది. ముందు దశమభాగం తీయాల. పండుగ పందిరి ఖర్చు తీయాల. దీపం నూనె, గంట తాడు, బయటూరి చుట్టాల భోజనం తీయాల. కుప్పంలో విన్న పాటే, గొంతులు మాత్రం నేను ప్రతి ఆదివారం వినేవి. ఇవి చార్జీలు కాదా అని అడిగితే, పాస్టరయ్య నొచ్చుకుని, "చార్జీలు కాదు అయివారూ, కానుకలు" అన్నాడు. మిగిలినదాంతో అవ్వ కొట్టానికి సగానికి పెంకులు వచ్చినాయి. ఆ పక్క పెంకు, ఈ పక్క పాత బోద.

ముసురు పట్టిన రెండో రోజు మధ్యాహ్నం గొడుగు వేసుకుని చూసేదానికి పోయినాను. పెంకుల కింద పొడి నేల మీద కోళ్ళు రెక్కలు దులుపుకుంటాండాయి. అవ్వ బోద కింద, కారుతున్న చోట సట్టి పెట్టుకుని, భుజాన గోనెపట్టా కప్పుకుని కూర్చోనుంది. నాకు కోపం వచ్చింది. ఇంత తిప్పలు పడి పెంకులు వేయిస్తే ఈడ తడుస్తాండావేమవ్వా అని గట్టిగానే అడిగినాను.

"పెంకులు కోళ్ళవి గదా అయివారూ. ఆ పెట్టను చూసే గదా ఆయప్ప పాడింది" అంది. "నాకు ఈ పక్క ఊరికే."

న్యాయం గురించి, హక్కు గురించి చెప్పాల్సింది చాలా ఉండింది నా దగ్గర. అప్పట్లో నా దగ్గర అవి ఎప్పుడూ ఉండేవి. గొడుగు మడిచి ఆమె పక్కన చతికిలబడినాను. చొక్కా తడుస్తా ఉంటే కాసేపు నన్ను చూసి, "కొంచెం జరుగు నాయనా, నువ్వు అడ్డం ఉండావు, ఆ సుక్క సట్టిలో పడాల" అంది. జరిగినాను. ఆ రోజు ఆ కుర్ర అయివారు చేసిన పనుల్లో ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్కటే అనుకుంటే, ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వస్తుంది.