రెండో గ్లాసు

మా ఆవిడ పలాసలో ఉండలేక వైజాగ్ వెళ్లిపోయిందని మా బంధువుల్లో ఒక మాట స్థిరపడిపోయింది. ఊరు చిన్నదట, గాజువాకలో పుట్టి పెరిగిన మనిషికి అక్కడ ఏం తోస్తుందట. ఈ మాట మొదలుపెట్టింది ఆమె అన్న. నేను ఇన్నాళ్లూ కాదనలేదు. నిజం బయటపడితే నాకే ఎక్కువ తలవంపులు కాబట్టి ఊరుకున్నాను. పలాస మీద వేసిన ఈ నింద ఇక మోయలేను. ఊళ్లో ఏ లోటూ లేదు.

ఇది మా అమ్మ పెద్దకర్మ నాడు మొదలైంది. మాది పలాస దగ్గర, ఉద్దానంలో జీడితోటల మధ్య ఊరు. అమ్మ కిడ్నీలు పాడై పోయింది. చివరి రోజుల్లో నేను గాజువాక నుంచి వచ్చి డయాలసిస్ కోసం టెక్కలి తీసుకెళ్లి తీసుకొచ్చేవాణ్ని. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేది. మా వైపు ఈ జబ్బు తెలియని ఇల్లు అరుదు. నీళ్లేనని కొందరంటారు, కాదని కొందరంటారు. ఎవరేమన్నా మా నూతుల మీద మాకే నమ్మకం పోయింది. తాగడానికి శుద్ధి చేసిన నీళ్లే తెచ్చుకుంటాం. ఇంటికొచ్చినవాళ్లు మాత్రం ఏ నీళ్లని అడగరు. గ్లాసు పెడుతూ ఇంటివాళ్లే 'క్యాన్ నీళ్లే, తాగండి' అంటారు. ఆ మాట వినగానే వచ్చినవాళ్లు గ్లాసు ఎత్తుతారు. అది మా మర్యాద. మా ఊళ్లో అప్పు గురించి, వయసు గురించి, తోట కాపు గురించి ఎవరైనా అబద్ధం ఆడొచ్చు. ఈ ఒక్క మాట దగ్గర ఎవరూ ఆడరు.

ఆ రోజు భోజనాల దగ్గర మా పిన్ని ఆ మాట అంటూనే నీళ్లు పోసింది. మా బావ, అంటే మా ఆవిడ అన్న, గాజువాక నుంచి కారులో నీళ్ల సీసాలు తెచ్చుకున్నాడు. తనవాళ్లందరి ఆకుల ముందూ సీసాలు పెట్టించాడు. పిన్ని నింపిన గ్లాసు నేల మీద ఒంపేసి బోర్లించాడు.

"మీ నీళ్లు మీకే ఉండనియ్యండి అత్తా," అన్నాడు. "ఇయేల ఎవరి కర్మ భోజనం తింటన్నామో మర్సిపోనారేటి?"

పంక్తిలో కొందరు నవ్వారు. పిన్ని చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను పులుసు బకెట్‌తో నడుస్తున్నాను. ఆయన ఆకులో ముక్క చూసి మరీ వేశాను.

తర్వాత కూడా చాలా ఏళ్లు గాజువాకలోనే ఉన్నాను. మోటార్లకు వైండింగ్ చేయడం నా పని. కాలిపోయిన రాగితీగ విప్పి కొత్త తీగ చుడతాను. చేతులు తీగ చుట్టుకుంటూ పోతుంటే బుర్ర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోకి బోర్లించిన గ్లాసు వచ్చి కూర్చునేది. బావకు బదులు చెప్పాలి. ఎలాగో తెలియదు.

మా అమ్మాయి ఉద్యోగంలో చేరాక, పలాసలో సొంత షాపు పెడదామని మా ఆవిడతో అన్నాను. తోటల్లో మోటార్లకు కొదవ లేదు, అద్దెలు తక్కువ, గాలి మంచిది, నా వాళ్లు దగ్గర. ఇవన్నీ నిజమే. బావ ఏ ఊరి నీళ్లు ఒంపేశాడో ఆ వైపే వెళ్లి, ఆయన కంటే బాగా బతికి చూపించాలన్నది మాత్రం ఆమెకు చెప్పలేదు.

ఆమె చాలా రోజులు ఆలోచించింది. ఆమె జాకెట్లు కుట్టేది, గాజువాకలో వీధి వీధంతా ఆమెకు గిరాకీ. చివరికి ఒక మాట చెప్పింది. "జీడి కాపు అయిపోయేదాకా ఉండి చూద్దామండి. నాకు నచ్చితే ఇక్కడి మన ఫ్లాటు అమ్మేసి అక్కడే ఉండిపోదుము. నచ్చకపోతే ఎనక్కి వచ్చేద్దాం. తేల్చేది నేను."

సామాను ఎక్కించే రోజు బావ వచ్చి లారీ పక్కన నిలబడ్డాడు.

"ఎల్లు బావా, ఎల్లు. పలాసలో రైలాగుతాది. ఎనక్కొచ్చీడానికి పనికొత్తాది."

"నువ్వే వస్తావులే బావా, మా ఇంటికి," అన్నాను.

"వత్తాను. సీసాలు తెచ్చుకుంటాను."

పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో వరండా ఉన్న ఇల్లు దొరికింది. ఆమె మిషను వరండాలో వేసింది. జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్లు సాయంత్రం తిరిగి వస్తూ ఆమె దగ్గర ఆగేవాళ్లు. వాళ్ల వేళ్లకు జీడిరసం మరకలు. జాకెట్టు కొలతలిచ్చి, పనిలో పనిగా కబుర్లు చెప్పి, ఆమె చేతికి కూడా పప్పు ఇచ్చి తోలు తీయడం నేర్పారు.

"ఓలక్కా, నీకు పప్పు ఇత్తే బద్దలు సేసి ఇత్తన్నావు. నీ మొగుడు మోటార్లు ఇలాగే బాగుసేత్తాడేటి?"

"ఆయన్నే అడగండి."

"ఏటి బావా, నిజఁవేనా?" అని నన్ను ఆటపట్టించేవాళ్లు.

ఆమె నవ్వేది. గాజువాకలో ఆమె అంత నవ్వగా నేను చూడలేదు. లైనింగు గుడ్డలకు తానే బస్సెక్కి టెక్కలి వెళ్లొచ్చేది. ఏ కొట్లో ఏం దొరుకుతుందో వచ్చి నాకు చెప్పేది. నేను వింటున్నట్టు ఉండేవాణ్ని.

నాకు వేరే పని ఉంది. పలాసలో మంచిది ఏది కనబడినా ఫోటో తీసి బావకు పంపేవాణ్ని. లేత ముంజెలు, పనసకాయలు, ఖాళీ రోడ్డు. ఆయన ట్రాఫిక్‌లో ఉంటాడనుకున్న వేళ చూసి మరీ పంపేవాణ్ని. ఒక తెల్లవారుజామున బారువ తీరానికి వెళ్లాం. తెప్పలు ఒడ్డుకొచ్చాయి. ఆమె చీర కొంచెం ఎత్తి పట్టుకుని అలల్లో నిలబడి నన్ను పిలిచింది. నేను వలలో మెరుస్తున్న చేపలకు ఫోటో తీస్తున్నాను. అవి చూస్తే బావకు ఎక్కువ మండుతుందని. ఆమె ఫోటో ఆ రోజు ఒక్కటీ తీయలేదు.

బావ ఏ ఫోటోకూ జవాబివ్వలేదు. అది నన్ను ఇంకా రాజేసింది.

జీడి కాపు చివరికొచ్చింది. ఇచ్ఛాపురంలో పెళ్లికి వచ్చామని, తిరిగి వెళ్తూ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి దిగుతామని బావ ఫోన్ చేశాడు. ఆ ఉదయం నేను మా ఊరు వెళ్లాను. మోటారు చూడాలని ఇంట్లో చెప్పాను. ఖాళీ క్యాన్ ఒకటి బండి మీద పెట్టుకున్నాను. మా తోటలో నూతి దగ్గర, మా అమ్మ తోడుకున్న చోటే, దాన్ని నింపాను. దారంతా ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇంటికొచ్చి ఆ నీళ్లతోనే కూజా నింపి పెట్టాను.

మా ఆవిడ కోనాం చేపల పులుసు, జీడిపప్పు కూర వండింది. కొత్త చీర కట్టుకుంది. ఆ రోజు ఆమె ముఖంలో ఏదో దాచుకున్నట్టు ఒక వెలుగు ఉంది. అదేమిటని అడగలేదు. నేను దాచినదాని మీదే నా ధ్యాస.

బావ ఒక్కడే లోపలికి వచ్చాడు, పెళ్లికి తనతో వచ్చిన మిగతావాళ్లు ముందే వెళ్లిపోయారట. చేతిలో సీసా లేదు. "అలిసిపోనాను బావా," అని కూర్చున్నాడు. నేను కూజాలోంచి గ్లాసు నింపి ఆయన ముందు పెట్టాను.

"క్యాన్ నీళ్లే బావా. తాగు."

తాగాడు. గ్లాసు కింద పెట్టి పెదాలు తుడుచుకున్నాడు. "మా ఊరు నీళ్లకన్నా తియ్యగున్నాయి. ఇంకో గ్లాసియ్యి."

ఇచ్చాను. అదీ తాగాడు. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి చెమటలు కక్కుతూ వచ్చి, అదే కూజా ఎత్తి తనకూ ఒక గ్లాసు పోసుకుంది. ఆమె చెయ్యి పట్టుకోవడానికి నాకు వ్యవధి ఉంది. పట్టుకుంటే బావకు తెలిసిపోతుంది, నేను అనుకున్న చోట, అనుకున్నట్టు చెప్పడం కుదరదు. ఆమె తాగేదాకా ఆగాను.

"బాగున్నాయా బావా?" అన్నాను. "మా అమ్మ తాగిన నూతి నీళ్లే అవి. ఆ రోజు ఒంపేశావు కదా."

బావ ముఖం పాలిపోయింది. గొంతు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడ ఆయన కక్కుతున్న చప్పుడు వింటూ నేను చాలా సంతోషపడ్డాను. ఈ మాట దాచి రాస్తే ఇదంతా రాయడం దండగ.

వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ చేతిలోని గ్లాసునే చూస్తోంది.

ఒక గ్లాసుతో ఎవరికీ ఏమీ కాదు, కాలేదు కూడా. ఆమె అరవలేదు. అన్నకు మజ్జిగ ఇచ్చి పంపింది. మర్నాడు ఉదయం వీధి చివర కొట్టుకు వెళ్లి సీలున్న సీసా ఒకటి కొనుక్కుని మిషను పక్కన పెట్టుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె నీళ్లు ఆమెవే. నేను గ్లాసు అందిస్తే "అక్కడ పెట్టండి" అనేది. సాయంత్రం అది అలాగే ఉండేది.

"నీ మీద కోపంతో కాదు కదా," అన్నాను ఒక రోజు.

"తెలుసు. నేను ఉన్నానన్న సంగతే మీకు గుర్తులేదు." కొంచెంసేపు మిషను తొక్కింది. "అన్నయ్య ముందే సెప్దామనుకున్నాను ఆ రోజు, భోజనాలయ్యాక. ఫ్లాటు అమ్మేద్దాం, నాకు పలాస నచ్చింది, ఇక్కడే ఉండిపోదుము అని."

నేను ఇన్నేళ్లుగా కోరుకున్న బదులు అదే. బావ మా ఇంట్లో, మా కంచంలో తింటూ, సొంత చెల్లి నోటి నుంచి ఆ మాట వినాలి. వండి, వడ్డించి, సిద్ధంగా పెట్టింది ఆమె. నేను ఒక కూజాతో దాన్ని పాడుచేసుకున్నాను.

"ఇప్పుడు?" అన్నాను.

"ఊరితో నాకేం పేచీ లేదు. మీ సేత్తో ఇచ్చింది తాగాలంటే బయమేస్తంది. అలాగెలా ఉంటామండి?"

మిషను, బట్టల పెట్టె రైల్లో వేసుకుని వెళ్లింది. వరండా దగ్గర ఆగే ఆడవాళ్లు చాలా రోజులు "అక్క ఎప్పుడొత్తాది బావా" అని అడిగారు. ఆ తర్వాత అడగడం మానేశారు.

బావ నీళ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తానే తాగి, తియ్యగున్నాయని మెచ్చుకున్న సంగతీ చెప్పాలి. అందుకని పలాస బాగాలేదని చెప్పుకుంటున్నాడు. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను, మా పిన్ని చెంబు పట్టుకుని నిలబడిన సంగతి ఆయన ఎప్పుడు ఒప్పుకుంటాడో చూడాలి.

ఆదివారాలు గాజువాక వెళ్తుంటాను. ఆమె నాకు నీళ్లిస్తుంది, నేను తాగుతాను. పోయిన వారం, ఇదంతా రాస్తున్నానని చెప్పి కాగితాలు చేతికిచ్చాను. చదివి మడిచి వెనక్కిచ్చింది.

"బాగానే రాశారు. మా అన్నయ్య రెండో గ్లాసు అడిగింది తీసేయండి. అది తీసేస్తే, పలాస సంగతి మళ్లీ మాట్లాడుకుందుము."

తిరుగు రైల్లో ఆ వాక్యం కొట్టేశాను. పలాసలో దిగి ఇంటికొచ్చి, ఖాళీ వరండాలో కూర్చుని దాన్నే మళ్లీ రాశాను.